641 దగ్గర తెగిన లెక్క



మీ పిల్లల మ్యాథ్స్ పుస్తకంలో కనిపించే ఆయిలర్ 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టారు. తండ్రి పాస్టర్. కొడుకూ పాస్టరే కావాలనుకున్నారు. ప్రొఫెసర్ యోహాన్ బెర్నూలీ నచ్చజెప్పాక మనసు మార్చుకున్నారు. అలా మార్చుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు!

2 పవర్ 1, 2, 4, 8, 16లకు ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అన్నీ ప్రైమ్ నంబర్లే. కాబట్టి 2 పవర్ 32కి ఒకటి కలిపినా ప్రైమే వస్తుందని ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా 1640 ప్రాంతంలో నమ్మారు. ఆ సంఖ్య 429,49,67,297. అంత పెద్దవాడి మాటను పాతికేళ్ల ఆయిలర్ 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చుని తప్పని తేల్చారు. 641తో భాగిస్తే శేషం సున్నా.

641 గుడ్డిగా దొరికేది కాదు. ఈ సంఖ్యను భాగించే ప్రైమ్ ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఈ నియమాన్ని తర్వాత ఆయిలరే నిరూపించారు. అలాంటి ప్రైమ్‌లు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదోదానికే పని అయిపోయింది! ఆదివారం పిల్లలతో 641ని 67,00,417తో కాగితం మీదే గుణించి చూడండి.

ముప్పై దాటిన కొత్తలోనే ఆయన కుడికన్ను దెబ్బతింది. 1771 నాటికి రెండో కంటి చూపూ దాదాపు పోయింది. ఆయన చెబుతుంటే కొడుకులు, సహాయకులు రాసేవారు. 214,74,83,647 ప్రైమ్ నంబరేనని ఆయన తేల్చింది ఆ తర్వాతే, 1772లో.