నౌకావైమానికుడు ఎస్మండ్

1942వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీ మధ్యాహ్నము పన్నెండున్నర కావచ్చుచుండగా, ఇంగ్లండు ఆగ్నేయతీరమందలి మాన్‌స్టన్ విమానస్థావరమునుండి ఆరు పాతకాలపు విమానములు 18 మందితో సముద్రముపైకి లేచెను. అరగంట గడచునప్పటికి వానిలో ఒక్కటియు మిగులలేదు. ప్రాణములతో బయటపడినవారు ఐదుగురు. ఆ దళమును నడపి మరణించిన యూజీన్ ఎస్మండునకు బ్రిటిషు ప్రభుత్వము విక్టోరియా క్రాస్ పతకము నొసంగెను. నాటినుండియు ఇంగ్లీషు యుద్ధకథలలో ఆయన పేరు ప్రసిద్ధికెక్కినది. ఆ కథలు సాహసమును వర్ణించునంత విపులముగా, ఆ సాహసము ఎవరి యేమరుపాటువలన అవసరమయ్యెనో వర్ణింపవు. ఆ ధీరుడు ఏ జాతివాడో, ఏ వంశమువాడో అను సంగతిని ఒక్క వాక్యముతో దాటిపోవును. మనకు ఈ రెండు విషయములును ముఖ్యములే.

ఎస్మండులు ఐర్లండు దేశమున పాత కాథలిక్ భూస్వాములు. 1798లో ఐక్య ఐరిష్ సంఘమువారు దేశస్వాతంత్ర్యమునకై తిరుగబడినప్పుడు, ఈ వంశమునకు చెందిన డాక్టరు జాన్ ఎస్మండ్ కిల్డేర్ మండలమున తిరుగుబాటుదారుల నాయకులలో నొకడై, సర్కారునకు చిక్కి, డబ్లిన్ నగరమునందలి వంతెనకడ ఉరితీయబడెను. అరువదేండ్లు తిరుగకముందే, 1855లో, సెబాస్టపోల్ ముట్టడియందు అదే వంశపు థామస్ ఎస్మండ్ అదే సర్కారు పక్షమున పోరి విక్టోరియా క్రాస్ సంపాదించెను. ఈ థామస్ మన కథానాయకునకు తాత వరుసవాడు. తండ్రి డాక్టరు జాన్ జోసెఫ్ ఎస్మండ్ ఐరిష్ స్వపరిపాలనకై పాటుపడిన పక్షమున చేరి ఉత్తర టిప్పరరీ ప్రతినిధిగా లండను పార్లమెంటునందు కూర్చుండెను. 1915లో ఆయన గతింపగా ఆయన కుమారుడొకడు ఆ స్థానమునకే ఎన్నుకొనబడెను. ఉరిత్రాడును పతకమును ఒకే యింట నుండుట కొందరికి వింతగా తోచవచ్చును. స్వరాజ్యోద్యమ దినములలో అన్న జైలునందును తమ్ముడు సర్కారు కొలువునందును ఉన్న కుటుంబములను ఎరిగిన మనకు అది వింత కాదు.

తండ్రి వైద్యవృత్తిలో ఇంగ్లండునందలి యార్కుషైరున నున్న కాలమున, 1909 మార్చి 1వ తేదీని యూజీన్ జన్మించెను. పిమ్మట కుటుంబము టిప్పరరీ మండలమున డెర్గ్ సరస్సు చెంతనున్న తమ యింటికి మరలినది. బాలుడు జెస్యూట్ గురువుల పాఠశాలలలో చదివెను. తానును మతగురువై దూరదేశములకు పోవలెనని కొంతకాలము ఆ శిక్షణలో నుండి, అది తన దారి కాదని తెలిసికొని విడిచెను. 1928 డిసెంబరులో బ్రిటిషు వైమానికదళమున ఉద్యోగియయ్యెను. నాడు ఓడలమీది విమానములు కూడ ఆ దళము క్రిందనే యుండుటచే, సముద్రముపై ఎగురుట ఆయనకు అప్పుడే అలవడినది.

1934లో ఆ కొలువు మాని ఇంపీరియల్ ఎయిర్‌వేస్ కంపెనీలో చేరి, మధ్యప్రాచ్యమునకును మన దేశమునకును టపా విమానములు నడపెను. 1935లో బర్మాయందు ఆయన యున్న విమానము ఐరావతీనదిలో కూలగా ప్రాణాపాయము తప్పినది. 1937లో కెప్టెన్ అయ్యెను. పెద్ద జీతము, గౌరవమైన వృత్తి. 1939లో యుద్ధచ్ఛాయలు ముసరుచుండగా నౌకాదళమువారు లెఫ్టినెంటు కమాండరు హోదా ఈయజూపిరి. ఆయన కంపెనీని విడిచి వారిలో చేరెను. ఐర్లండు ఆ యుద్ధమున తటస్థముగా నుండెను. ఎస్మండును పొమ్మని నిర్బంధించిన చట్టమేదియు లేదు. ఐనను ఆయన పోయెను. ఆయనవలె పోయిన ఐరిష్‌వారు వేలకొలది.

ఓడపైనుండి లేచు యుద్ధవిమానమనగా నెట్టిదో మన తీరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీని విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వైచిన జపాను విమానములు అట్టివే. కాని జపానువారి విమానములకును ఎస్మండు నడపిన స్వోర్డ్‌ఫిష్ విమానములకును పోలికలేదు. స్వోర్డ్‌ఫిష్ రెండు జతల రెక్కలు గలది. చట్రమునకు గుడ్డ తొడిగినది. నడపువాడును, దారి చూచువాడును, తుపాకివాడును, ముగ్గురును కప్పులేని గూటిలో గాలికి వానకు ఓర్చి కూర్చుండవలెను. సుమారు 1,600 పౌనుల బరువుగల టార్పెడోను మోయునప్పుడు దాని వేగము గంటకు నూరు మైళ్లకు ఎంతో మించదు. పైగా టార్పెడోను విడుచుటకు నీటికి సమీపముగా దిగి, అటునిటు తొలగక, శత్రునౌక ఫిరంగులకు ఎదురుగా తిన్నగా పోవలెను.

ఇట్టి విమానములు తొమ్మిదింటితో ఎస్మండ్ 1941 మే 24వ తేదీ రాత్రి విక్టోరియస్ అను విమానవాహక నౌకనుండి బయలుదేరెను. ఆ ఉదయమే జర్మనుల బిస్మార్క్ నౌక బ్రిటిషువారి హుడ్ నౌకను ముంచెను. 1,400 మందికి పైగా పోగా ముగ్గురు మాత్రమే బ్రతికిరి. విక్టోరియస్ క్రొత్త ఓడ, దళమువారిలో పెక్కుమంది అనుభవము లేనివారు. వానలో, మబ్బులలో, 120 మైళ్లు పోయి, నడిరేయి సమీపించుచుండగా బిస్మార్క్‌పై బడిరి. ఒక టార్పెడో తగిలెను. కాని ఉక్కుకవచమునకు తగులుటచే పెద్ద నష్టము గలుగలేదు. మరలివచ్చునప్పుడు దారి చూపవలసిన యంత్రము ఓడలో చెడిపోయినను, తొమ్మిది విమానములును చీకటిలో ఓడపై దిగినవి. నా లెక్కలో టార్పెడో తగులుటకంటె ఇదియే గొప్ప. మూడవనాడు బిస్మార్క్ మునిగినది. ఆ యేడు నవంబరులో ఎస్మండు దళమున్న ఆర్క్ రాయల్ నౌకయే జలాంతర్గామి దెబ్బకు మునుగుటతో, దళమును మరల కూర్చుకొనవలసి వచ్చెను. 1942 ఫిబ్రవరి నాటికి ఆయన చేత నున్నవి ఆరు విమానములు మాత్రమే.

ఆనాడు ఫ్రాన్సునందలి బ్రెస్ట్ రేవులో షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ, ప్రింజ్ ఆయిగెన్ అను మూడు పెద్ద జర్మను నౌకలుండెను. అవి ఇంగ్లీషు కాలువగుండ స్వదేశమునకు పోజూచునని బ్రిటిషువారికి ముందే తెలియును. పగటివేళ రేవు విడిచి రాత్రివేళ డోవర్ జలసంధి దాటునని వారు ఊహించిరి. ఆ చీకటిలో స్వోర్డ్‌ఫిష్‌లు మాటువేసి కొట్టవలెనని ఏర్పాటు. జర్మనులు దానిని తలక్రిందు చేసి, 11వ తేదీ రాత్రి బ్రెస్ట్ విడిచి పట్టపగలు డోవర్‌కు వచ్చిరి. కావలి విమానములలో రాడారు చెడినది. ఉదయమున నౌకలను కన్నులార చూచిన వైమానికాధికారులు నియమము ప్రకారము ఆకాశమునుండి వార్త పంపక, దిగినపిదపనే చెప్పిరి. ఆ కబురు అధికారముగలవారి చెవిబడి ఒక నిశ్చయమగునప్పటికి నౌకలు జలసంధి దాటుచుండెను.

ముందురోజుననే ఎస్మండ్ బకింగ్‌హాం రాజభవనమున, బిస్మార్క్‌పై దాడికి ఈయబడిన పతకమును స్వీకరించి వచ్చెను. రాత్రి పనికై కూర్చిన ఆరు విమానములను పగటివేళ పంపుట యెట్టిదో ఆయనకు తెలియదా? పోవుటయు మానుటయు కడకు ఆయనకే వదలబడెనని కొందరు చరిత్రకారులు వ్రాసిరి. అదియే నిజమైనచో అది దయ కాదు. పైవారు మోయవలసిన భారమును క్రిందివాని నెత్తిన బెట్టుట. ఆయన పోయెదననెను. కాపుగా ఐదు దళముల స్పిట్‌ఫైర్ విమానములు వచ్చునని మాట యిచ్చిరి. సమయమునకు వచ్చినవి పది. మరికొన్ని నిమిషములు చూచి, ఇక జాగుచేసిన నౌకలు అందవని, ఆ పదింటితోనే ఆయన బయలుదేరెను.

కొంతదూరము పోవునప్పటికే జర్మను యుద్ధవిమానములు క్రమ్ముకొనెను. స్పిట్‌ఫైర్లు వానితో పెనగులాడుచు దూరమైనవి. స్వోర్డ్‌ఫిష్‌లు నీటినంటునట్లు ఎగురుచు నౌకల వైపునకే సాగెను. ఎస్మండు విమానపు ఎడమ క్రిందిరెక్క చీలిపోయినది. వెనుకభాగమున మంటలంటుకొనగా తుపాకివాడు క్లింటన్ గూటినుండి బయటికి ప్రాకి చేతులతో ఆర్పుచుండుట చూచినట్లు చెప్పుదురు. అప్పటికిని దళపతి విమానమును త్రిప్పలేదు. కాపునౌకల వరుస దాటిన పిమ్మట అది సముద్రమున పడిపోయెను. వెనుకవచ్చిన మూడు విమానములనుండి ఒక్కడైనను బ్రతుకలేదు. ఒక్క టార్పెడోయు గురికి తగులలేదు.

నౌకలు మరునాటికి జర్మను రేవులు చేరినవి. దారిలో షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌలకు నీటిమందుపాతరలు తగిలినవి గాని ఆ ఫలము ఎస్మండు దళముది కాదు. లండను పత్రికలు మండిపడెను. మూడుదినములకే, 15వ తేదీని, సింగపూరు పడిపోయి వేలకొలది భారతీయ సైనికులు జపానువారికి చిక్కిరి. ఇంగ్లండు ప్రభుత్వము విచారణసంఘము నేర్పరచెను. దాని నివేదికను 1946 వరకు ప్రజలకు చూపలేదు. పతకము మాత్రము జాగుచేయక మార్చి 3వ తేదీననే ప్రకటించిరి. తల్లి రాజభవనమునకు పోయి దానిని అందుకొనెను. మృతులలో తక్కిన 12 మందికి నివేదికలలో పేరు చేర్చుట తప్ప మరేమియు దక్కలేదు. చనిపోయినవానికి విక్టోరియా క్రాస్ ఈయవచ్చును, లేనిచో పేరు పేర్కొనవచ్చును. నడుమ నున్న పతకములేవియు ఈయరాదని నాటి నియమము. మంటలార్పిన క్లింటన్ ఆ పన్నిద్దరిలో నొకడు.

1945 మే 13వ తేదీని చర్చిల్ విజయోపన్యాసమున ఐర్లండు తటస్థతను, డి వలేరాను తీవ్రముగ దూషించి, తోడనే ఐరిష్‌వీరులను పొగడుచు ఎస్మండు పేరు చెప్పెను. చనిపోయినవాని పేరును వాని దేశమును దెప్పుటకు వాడుట మాకు ఔచిత్యముగా తోచదు. ఎస్మండ్ తన యిచ్ఛచేత పోయెను. ఆ యిచ్ఛ ఐర్లండు తటస్థతకు సాక్ష్యము కాదు, విరుద్ధసాక్ష్యమును కాదు. డి వలేరా మూడుదినములకు రేడియోలో శాంతముగ బదులుచెప్పి, శతాబ్దములు ఒంటరిగా ఆక్రమణ నెదిరించిన చిన్నజాతిని మరువవద్దనెను.

ఎస్మండు కళేబరము 1942 ఏప్రిల్ 29వ తేదీని థేమ్సు నదీముఖమున తేలుచు కనబడెను. మరునాడు కెంటు మండలమందలి జిల్లింగ్‌హాం శ్మశానమున పాతిపెట్టిరి.