లాప్లాసు - ప్రజాగణనము

పియరు సైమను లాప్లాసు పండితుని పేరు విన్నవారు ఆయనను ఖగోళశాస్త్రజ్ఞుడుగనే యెఱుగుదురు. గ్రహగతులను లెక్కించిన యా మేధావి మనుష్యుల లెక్కకును దారి చూపెను. ఊరూర గడపగడప తొక్కకయే దేశమున ప్రజ లెందఱో నిర్ణయించుటకై ఆయన చేసిన ప్రయత్నము నేటికిని స్మరింపదగినది.

లాప్లాసు 1749 మార్చి 23వ తేదీన ఫ్రాన్సు దేశమున నార్మండీ సీమలోని యొక చిన్న యూర జన్మించెను. మతాచార్యుడు కావలసినవాడు గణితమునం దభిరుచిచే పారిసు నగరము చేరి, 1773లో విజ్ఞాన పరిషత్తున సభ్యుడయ్యెను. 1785లో ఆయన ఫిరంగిదళపు విద్యార్థులను పరీక్షింపగా, ఉత్తీర్ణులైనవారిలో పదునాఱేండ్ల నెపోలియను ఒకడు. ఆ నెపోలియనే 1799లో ఆయనకు మంత్రిపదవి నొసగి, ఆఱు వారములకే తొలగించెను. రాజ్యతంత్రమున రాణింపని యా బుద్ధి లెక్కలలో నసమానము.

ఆ కాలమున జనన పట్టీలు ఊరూర నుండెను. జనసంఖ్య మాత్రము తెలియదు. కొన్ని యూళ్ల జనమును లెక్కించి, ఏటికి ఒక్క జననమునకు ఎందఱు ప్రజలో కనుగొని, ఆ సంఖ్యచే దేశమందలి జననములను గుణించిన మొత్తము తేలును. ఈ పద్ధతి పూర్వమే కలదు. వచ్చిన ఫలితమున తప్పు ఎంతవఱకుండునో గణితముచే నిర్ణయించుట లాప్లాసు విశేషము.

అయితే, ఏ యూళ్లను లెక్కింపవలెను? శీతోష్ణ భేదములు సరిపడునట్లు దేశమున నలుదెసల నుండి 30 జిల్లాలను గైకొని, వానిలో శ్రద్ధయు తెలివియు గల మేయరులున్న యూళ్లను ఎన్నుకొనిరి. 1802 సెప్టెంబరున ఆ యూళ్లలో 20,37,615 మంది యుండిరి. మూడేండ్ల జననములు 2,15,599. అనగా ఏటి జననమొక్కింటికి ఇరువదియెనిమిదిమందికి పైన. దేశమున ఏటికి పది లక్షల జననములనుకొనిన, ప్రజలు 2 కోట్ల 83 లక్షలు. తప్పు అయిదు లక్షలు మించదనుటకు మూడు లక్షలకు ఒకటిగా పందెము వేయవచ్చునని ఆయన లెక్క తేల్చెను.

ఇచ్చట మేము పాఠకుల దృష్టి నొక సూక్ష్మమునకు మరల్పగోరుదుము. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునందురు. కుండ యంతయు నొక్కతీరుగ నుడికిననే యది నిజము. తెలివిగల మేయరుండు ఊరు తక్కిన యూళ్ల వంటిదే యని యెవరు చెప్పగలరు? లాప్లాసు లెక్క యాదృచ్ఛికముగ వచ్చు తప్పును కొలిచినదే గాని ఎన్నికలోని పక్షపాతమును కొలువలేదు. ఇష్టాయిష్టములకు చోటీయక ఎన్నవలెనను సూత్రము పిదప శతాబ్దమున స్థిరపడినది.

మన దేశమున 1941 జనాభా లెక్కల వర్గీకరణము యుద్ధముచే కుదింపబడగా, ప్రతి యేబదవ చీటీని తీసి భద్రపఱచిరి. ఏ చీటీ యెవరిదో చూడక తీసిన యా పద్ధతిలో లాప్లాసు విడిచిన లోపమునకు సమాధానము కలదు.

నెపోలియను చేత కౌంటు బిరుదమును, పిదప 1817లో రాజుల చేత మార్క్విసు బిరుదమును పొంది, ఆయన 1827 మార్చి 5వ తేదీన పారిసులో దివంగతుడయ్యెను. బిరుదములు మాసినవి, ప్రశ్న నిలిచినది. ధాన్యము, పాఠశాలలు, వైద్యము లెక్కలను బట్టియే పంచబడును గదా! లెక్కకు రానివారి పక్షమున పలుకువారు ఎన్నబడిన యా కొద్దిమందియే. కావున ఎన్నికయందు న్యాయము తప్పిన పంపకమునందును తప్పును.