బూర్గుల రామకృష్ణారావు

తెలుగువారి పేర్లలో మొదట నిలుచునది ఇంటిపేరు. కొందరి ఇంటిపేరు పూర్వుల వృత్తిని తెలుపును. కొందరిది వంశమున ప్రసిద్ధుడైన పురుషుని స్మరింపజేయును. పెక్కుమందిది మాత్రము ఊరిపేరే. కొండగట్టు సమీపమున నున్న కొడిమ్యాల నుండి ఒక కుటుంబము వేరొక యూరికి తరలిపోయినచో, అచటివారు ఆ కుటుంబమును కొడిమ్యాలవారని పిలుచుట సహజము. రెండు మూడు తరములు గడచునప్పటికి ఆ పిలుపే ఇంటిపేరై స్థిరపడును.

ఒకే ఇంటిపేరు గలవారు పలువురు ఉన్నత పదవుల నలంకరించుట లోకమున అరుదు కాదు. అమెరికా దేశమున జాన్ ఆడమ్సు 1797లో అధ్యక్షుడు కాగా, అతని కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్సు 1825లో ఆ పీఠమునే యధిష్ఠించెను. హారిసన్ వంశమున తాతయు మనుమడును, రూజ్‌వెల్ట్ వంశమున ఇరువురు దూరపు బంధువులును అధ్యక్షులైరి. మన దేశమున ఆంధ్ర రాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి తంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1980లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైన అంజయ్యగారి ఇంటిపేరును తంగుటూరియే. ఐనను వీరిరువురును ఒక కుటుంబమువారు కారు. ఇంటిపేరు కలిసినంత మాత్రమున గుణము కలియదు. ఇంటిపేరు గొప్పదైనంత మాత్రమున మనుజుడు గొప్పవాడు కాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట గబ్బిలాల కంపు అను సామెత యెల్లవారును ఎరిగినదే. పేరునకు తగిన నడవడి యుండవలెను. ఒక చిన్న పల్లె పేరును ఇంటిపేరుగా ధరించి, దానిని దేశమంతట వినిపించునట్లు చేసిన మహనీయుడు బూర్గుల రామకృష్ణారావుగారు.

రామకృష్ణారావుగారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన, నాటి మహబూబునగరు జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు, తల్లి రంగనాయకమ్మగారు. వారి వంశము యొక్క అసలు ఇంటిపేరు పుల్లంరాజువారు. షాదునగరు ప్రాంతమునందలి బూర్గుల గ్రామము వారి స్వగ్రామమగుటచే, ఆ యూరిపేరే వారికి ఇంటిపేరయ్యెను.

నాడు తెలంగాణము నిజాము నవాబు పరిపాలించు హైదరాబాదు సంస్థానములో నుండెను. ఆ సంస్థానమున పదునారు జిల్లాలుండెను. ఎనిమిది జిల్లాలలో తెలుగును, ఐదింట మరాఠీని, మూడింట కన్నడమును ప్రజలు మాటలాడుచుండిరి. కాని కచేరీలలోను, న్యాయస్థానములలోను ఉర్దూ భాషయే చెల్లుచుండెను. కొడిమ్యాల, జగిత్యాల, సిరిసిల్ల మున్నగు ఊళ్ల రైతు తన భూమిని గూర్చిన కాగితమును తాను చదువుకొనలేక, పరుల నాశ్రయింపవలసి వచ్చుచుండెను. తన గోడు తన భాషలో చెప్పుకొనలేని ప్రజకు న్యాయము దొరకుట యెంత కష్టమో ఊహించుకొనవచ్చును.

బాలుడైన రామకృష్ణారావుగారు హైదరాబాదు నగరమున ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలలలో చదివి 1915లో మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులైరి. పిమ్మట పూనా నగరమునందలి ఫెర్గుసన్ కళాశాలలో చేరి 1920లో బి.ఏ. పట్టమును, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. సంస్కృతము, పారశీకము, ఉర్దూ, మరాఠీ, ఆంగ్లము మొదలగు భాషలయందు వారు గడించిన పాండిత్యము మిక్కిలి గొప్పది. ఏ భాషపైనను వారికి ద్వేషము లేదు. తన తల్లిభాషను ప్రేమించువాడు పరుల తల్లిభాషను నిందింపడు గదా! అయితే తెలుగునకు తెలుగునేలపైననే గౌరవము లేకుండుట వారి మనస్సును కలచివేసెను.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదు నగరములోని వివేకవర్ధని పాఠశాలలో ఒక సంఘసంస్కార మహాసభ జరిగెను. మహర్షి కార్వేగారు దాని కధ్యక్షులు. ఆ సభలో ఇతర భాషలలో ప్రసంగించినవారి నందరు శ్రద్ధతో వినిరి. కాని ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడ నారంభింపగానే సభికులు కొందరు గేలిచేసి, కేకలువేసి, వారిని కూర్చుండజేసిరి. అచటనున్న తెలుగువారి కా యవమానము శూలమువలె తాకెను. కోపించి కలహించుటకు మారుగా, వారు వెంటనే సమావేశమై ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. ఆ సంఘమును స్థాపించినవారిలో యువకులైన రామకృష్ణారావుగారును ఒకరు. గ్రంథాలయములను నెలకొల్పుట, పాఠశాలలను స్థాపించుట, తెలుగు పుస్తకములను పల్లెలకు చేర్చుట ఆ సంఘము చేపట్టిన పనులు.

1924లో రామకృష్ణారావుగారు హైదరాబాదులో న్యాయవాద వృత్తి నారంభించిరి. అచిరకాలముననే వారు పేరుగాంచిన న్యాయవాదులైరి. తరువాతి కాలమున భారత ప్రధానమంత్రియైన కరీంనగరు జిల్లావాసి పి.వి. నరసింహారావుగారు తమ యౌవనమున వీరియొద్దనే జూనియరు న్యాయవాదిగా పనిచేసిరి. వృత్తి యెంత లాభకరమైనను రామకృష్ణారావుగారు దానితో తృప్తిచెందలేదు. సాయంకాలములు సభలకును, సెలవుదినములు గ్రామముల పర్యటనకును వినియోగపడుచుండెను.

ఆంధ్రజన సంఘమే క్రమముగా నిజాము రాష్ట్ర ఆంధ్రమహాసభగా పెరిగెను. ప్రథమ మహాసభ 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జరిగెను. 1931లో దేవరకొండయందు జరిగిన ద్వితీయ మహాసభకు రామకృష్ణారావుగారు అధ్యక్షులైరి. 1935లో సిరిసిల్లలో జరిగిన నాల్గవ మహాసభకు మాడపాటి హనుమంతరావుగా రధ్యక్షత వహించిరి. నాటి పల్లెలలో వెట్టిచాకిరి యను దురాచారము ప్రబలియుండెను. అధికారి యూరికి వచ్చినచో చాకలి, మంగలి, కుమ్మరి మున్నగువారు కూలి లేకయే పనిచేయవలెను. ఈ దురన్యాయము తొలగవలెననియు, బాలబాలికలకు మాతృభాషలో విద్య గరపవలెననియు ఆంధ్రమహాసభ యెలుగెత్తి చాటెను. సభ జరుపుకొనుటకే ప్రభుత్వపు అనుమతి కావలసిన ఆ దినములలో ఇట్టి మాట లాడుటకు ధైర్యము కావలెను.

1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు స్థాపింపబడుచుండగనే నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. రామకృష్ణారావుగారు ఆ సంస్థ నాయకులలో ముఖ్యులు. క్విట్ ఇండియా ఉద్యమ కాలమున వారు కారాగారవాసము ననుభవించిరి. నిషేధము తొలగిన పిమ్మట కాంగ్రెసులో మితవాదులని, అతివాదులని రెండు వర్గము లేర్పడెను. అధ్యక్ష పదవికై జరిగిన పోటీలో స్వామి రామానందతీర్థగారు స్వల్పమైన తేడాతో రామకృష్ణారావుగారిపై నెగ్గిరి. ఓటమి వారిని ప్రజాసేవనుండి మరలింపలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశింపగా నిజాము పాలన అంతరించి, హైదరాబాదు భారతదేశమున లీనమయ్యెను.

నాటి గ్రామములలో భూమి సమస్య నిప్పువలె రగులుచుండెను. తరతరములుగా దున్నుచున్న భూమినుండి కౌలుదారుని దొర యెప్పుడు తలచిన నప్పుడు వెడలగొట్టగలుగుచుండెను. ఈ బాధలనుండియే తెలంగాణమున రైతుల సాయుధ పోరాటము పుట్టెను. 1950 జూన్ మాసమున రామకృష్ణారావుగారు వెల్లోడిగారి మంత్రివర్గమున చేరి రెవెన్యూ, విద్యాశాఖలను స్వీకరించిరి. ఆ సంవత్సరముననే హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల శాసనము వెలువడెను. నియమిత కాలము భూమిని దున్నిన కౌలుదారులు రక్షిత కౌలుదారులుగా గుర్తింపబడిరి. వారిని ఇష్టము వచ్చినట్లు తొలగించుటకు వీలులేదు. 1954లో రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపు డా శాసనము సవరింపబడి, రక్షిత కౌలుదారులకు భూమిపై యాజమాన్యము సంక్రమించుటకు మార్గ మేర్పడెను. శాసనములోని మేలంతయు ప్రతి రైతునకును చేరినదని చెప్పజాలము. పెక్కు గ్రామములలో దొరలు దానిని తప్పించుకొనిరి. ఐనను దున్నువానికి హక్కున్నదని ప్రభుత్వమే యంగీకరించుట ఆ నేలపై గొప్ప మార్పు.

1952వ సంవత్సరమున ప్రథమ సాధారణ ఎన్నికలు జరిగెను. రామకృష్ణారావుగారు షాదునగరు నుండి శాసనసభకు ఎన్నికై, మార్చి 6వ తేదీన హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారము చేసిరి. ప్రజలచే ఎన్నుకొనబడిన శాసనసభకు బాధ్యత వహించిన ముఖ్యమంత్రి ఆ రాష్ట్రమునకు వారే మొదటివారు, వారే కడపటివారు.

ఆ పదవి పూలపానుపు కాలేదు. కొలది నెలలకే స్థానికుల యుద్యోగములను పరస్థలములవారు పొందుచున్నారని ముల్కీ ఆందోళనము చెలరేగెను. సెప్టెంబరు మాసమున హైదరాబాదు సిటీ కళాశాల ప్రాంతమున పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిచే విచారణ జరిపించెను. భాష కవమానము జరిగినదని తామే యువకులుగా ఉద్యమించిన నాయకుని పాలనలో యువకులపై తుపాకులు పేలుట విషాదకరము. ఆ సంఘటన వారి పాలనపై మచ్చగానే నిలిచెను. మహనీయుల చరిత్రలో ఇట్టి ఘట్టములను దాచిపెట్టరాదు. అధికారమెంత బరువైనదో అవి మనకు తెలుపును.

1955 డిసెంబరు 10వ తేదీన నందికొండయొద్ద కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు ప్రధానమంత్రి నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. హైదరాబాదు, ఆంధ్ర రాష్ట్రములు రెండును కలిసి తలపెట్టిన కార్యమది.

ఇంతలో వారికి జీవితమున కెల్ల గొప్ప పరీక్ష యెదురయ్యెను. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము తన నివేదికను సమర్పించెను. తెలంగాణమును కొంతకాలము ప్రత్యేక రాష్ట్రముగా నుంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది సమ్మతించినచో ఆంధ్రతో కలుపవచ్చునని ఆ సంఘము సూచించెను. విశాలాంధ్రము కావలెనని కొందరు, ప్రత్యేక తెలంగాణము కావలెనని కొందరు పట్టుపట్టిరి. తెలంగాణ ప్రజలలో ఎక్కువమంది ప్రత్యేక రాష్ట్రమునే కోరుచున్నారని రామకృష్ణారావుగారు కాంగ్రెసు అధ్యక్షులైన ధేబరుగారికి తెలియజేసిరి. శాసనసభలో అభిప్రాయము తెలిపిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రమునకు అనుకూలురైరి. 29 మంది ప్రతికూలురు. 15 మంది తటస్థులు. తుదకు విలీనమే నిర్ణయమయ్యెను.

రాష్ట్రము లీనమైనచో వారి ముఖ్యమంత్రి పదవియు పోవును. పదవిని నిలుపుకొనుటకై ప్రజలను రెచ్చగొట్టుట వారికి కష్టము కాదు. కాని వారా పని చేయలేదు. తెలంగాణమునకు ఉద్యోగములలోను, నిధులలోను అన్యాయము జరుగకుండ హామీలు కావలెనని 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఢిల్లీలో ఇరుప్రాంతముల నాయకులు చేసికొన్న పెద్దమనుష్యుల ఒప్పందముపై వారును సంతకము చేసిరి. నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. రామకృష్ణారావుగారు నిబ్బరముతో తప్పుకొనిరి. ఆ హామీలు చక్కగా అమలు జరుగలేదను అసంతృప్తియే 1969లో ఉద్యమమై, పిదప మరల ప్రబలమై, 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రావతరణమునకు దారితీసెను.

1956 నవంబరులో వారు కేరళ రాష్ట్ర గవర్నరుగా నియమితులైరి. 1957 ఏప్రిలులో నంబూద్రిపాదుగారి నాయకత్వమున ఏర్పడిన కమ్యూనిస్టు మంత్రివర్గముచే ప్రమాణము చేయించినవారు వీరే. 1959 జూలై 31వ తేదీన రాష్ట్రపతి ఆ మంత్రివర్గమును తొలగించినది వీరి నివేదికను పురస్కరించుకొనియే. ఆ నిర్ణయపు మంచిచెడ్డలను గూర్చి చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. వింత యేమనగా, బూర్గులవారి యింటనే కమ్యూనిస్టు నాయకు డొకరు పెరిగిరి. రామకృష్ణారావుగారి సోదరుని కుమారుడు బూర్గుల నర్సింగరావుగారు విద్యార్థి నాయకుడై, కడవరకు ఆ పక్షముననే నిలిచి 2021లో దివంగతులైరి. ఒకే ఇంటిపేరు, మార్గములు మాత్రము రెండు. ఇంటిపేరు మనుజుని ఆలోచనకు సంకెల కాదనుటకు ఇంతకన్న తార్కాణము వలయునా?

1960 మొదలు 1962 వరకు వారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండిరి. తదుపరి రాజ్యసభ సభ్యులైరి. ఇన్ని పదవుల నడుమను వారు లేఖినిని విడువలేదు. జగన్నాథ పండితరాయల లహరీకావ్యములను పండితరాజ పంచామృతమను పేర తెలిగించిరి. శంకరాచార్యుల సౌందర్యలహరిని, కనకధారాస్తవమును పద్యరూపమున అనువదించిరి. వారి సాహిత్యవ్యాసములు సారస్వత వ్యాసముక్తావళియను గ్రంథముగా వెలసెను. పగలు రాజ్యవ్యవహారము, రాత్రి కావ్యగోష్ఠి వారి జీవితమున ఒకదానికొకటి అడ్డుగాక సాగెను.

1967వ సంవత్సరము సెప్టెంబరు మాసమున రామకృష్ణారావుగారు కీర్తిశేషులైరి. హైదరాబాదు నగరమునందలి ఒక పెద్ద ప్రభుత్వ భవనమునకు వారి పేరు పెట్టబడినది. పాత సచివాలయమును తొలగించి క్రొత్తదానిని కట్టుచున్న కాలమున, 2019 మొదలు 2023 వరకు, తెలంగాణ ప్రభుత్వ సచివాలయము ఆ భవనముననే నడచెను. ఒకనాడు తెలుగున మాటలాడిన వానిని కూర్చుండబెట్టిన నగరములో, ఒక తెలుగు పల్లె పేరు గల భవనమున రాజ్యకార్యములు సాగెను.

ఇంటిపేరును మనము సంపాదింపము. అది మనకు పెద్దలిచ్చునది. దానిని మాయనీయక నిలుపుటయు, వీలైనచో దానికి వన్నె తెచ్చుటయు మన చేతిలోని పని. ఆ పనిని బూర్గుల రామకృష్ణారావుగారు విద్యచేతను, సహనముచేతను, పదవిని పట్టుకొని వ్రేలాడని నిగ్రహముచేతను నెరవేర్చిరి.