చాదర్‌ఘాట్ హెడ్మాస్టరు గారి తర్జుమా

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవితం రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, నేను ఏ సాలార్‌జంగు గురించో, ఏ బూర్గుల వారి గురించో రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను రాయబోయేది ఒక ఇంగ్లీషు పాదరీ గారి కొడుకు గురించి. ఆయన మన హైదరాబాదు సర్కారులో పదేళ్ళు నౌకరీ చేసి, మనలాగే పింఛను మీద వెళ్ళినవారు. పేరు మార్మడ్యూక్ పిక్థాల్. ఖురాన్‌ను అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిన వారిలో ప్రపంచమంతా ఎరిగిన పేరు అది. ఆ పని పూర్తి చేసే నాటికి ఆయన చాదర్‌ఘాట్ హైస్కూలు హెడ్మాస్టరుగా మన సర్కారు జీతం తీసుకుంటున్నారన్న సంగతి మాత్రం చాదర్‌ఘాట్ వంతెన మీద రోజూ తిరిగిన మనలోనే చాలామందికి తెలియదు.

పిక్థాల్ 1875 ఏప్రిల్ 7న లండన్‌లో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. హారో అనే పేరుమోసిన బడిలో కొంతకాలం చదివారు. ఆ రోజుల్లో విన్‌స్టన్ చర్చిల్ కూడా అక్కడే విద్యార్థి. కుర్రవాడికి భాషలంటే ప్రాణం. పశ్చిమాసియా దేశాల్లో ఉన్న బ్రిటిషు కాన్సులేట్లలో ఉద్యోగాలకు పోటీపరీక్ష పెడితే కూర్చున్నారు. భాషల్లో మంచి మార్కులు వచ్చాయి గాని మొత్తం మీద ఉద్యోగం రాలేదు. సర్వీసు కమీషను పరీక్షలు రాసి ఇలా దెబ్బతిన్నవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు కదా. సెలక్షను అయి ఉంటే ఆయన ఏ రేవు పట్నంలోనో పాస్‌పోర్టుల మీద ముద్రలు వేస్తూ ఉండిపోయేవారేమో.

ఉద్యోగం లేకపోయినా అక్కడి భాష నేర్చుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందన్న ఆశతో, పంతొమ్మిదేళ్ళయినా నిండకముందే, 1894లో ఓడెక్కారు. ముందు కైరో, తర్వాత పాలస్తీనాలో జాఫా, జెరూసలేం, ఆపైన సిరియాలో డమాస్కస్. తోటి దొరలు ఉండే హోటళ్ళు వదిలేసి, ఆ ఊళ్ళవాళ్ళ బట్టలు కట్టుకొని, సులేమాన్ అనే దుబాసీని వెంటబెట్టుకొని గుర్రం మీద పల్లెలన్నీ తిరిగారు. అక్కడి దొరసానులకూ మిషనరీలకూ ఇది సుతరామూ నచ్చలేదు. మన చెన్నపట్నంలో కుంపిణీ వాళ్ళకు దుబాసీలు ఉన్నట్టే అక్కడ దొరలకు డ్రాగమన్లు ఉండేవారు. ఆ డ్రాగమన్ అన్న ఇంగ్లీషు మాట అరబ్బీ తర్జుమాన్ నుంచి పుట్టిందే. మన ఆఫీసుల్లో వాడే తర్జుమా దానికి తోబుట్టువు.

అరబ్బీ నేర్చుకోవడం ఎంత కష్టమో చెప్పడానికి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఆ భాషలో చాలా మాటలు మూడు హల్లుల ధాతువు మీద నడుస్తాయి. ఆ మూడూ కదలవు. మధ్యలో అచ్చులు మారుతాయి, ముందూ వెనకా అక్షరాలు చేరుతాయి, అర్థం కొత్త దారి పడుతుంది. ఉదాహరణకు దూరం వెళ్ళనక్కరలేదు, మన రెవెన్యూ ఆఫీసే చాలు. హాసిలు, మహసూలు, తహసీలు, ఈ మూడూ ఒకే ధాతువు పిల్లలు. రాబడి, పన్ను, పన్ను రాబట్టడం. కితాబు అంటే పుస్తకం, కాతిబు అంటే రాసేవాడు, అంటే మనమే. అమలుకూ మామూలుకూ మూలం ఒకటే. అమలు అంటే పని, మామూలు అంటే చేస్తూ వస్తున్నది. చేస్తూ వస్తున్నది కాస్తా చేతిలో పెట్టేదిగా ఎలా మారిందో మన డిపార్టుమెంట్లనే అడగాలి. హాజరు, వసూలు, దాఖలు, నకలు, రద్దు, తారీఖు, ఇవన్నీ అరబ్బీ పుట్టుకవే. ముప్పై అయిదేళ్ళు నేను అరబ్బీ మాటలతోనే అన్నం తిన్నానని రిటైరయ్యాక గాని నాకు తెలిసిరాలేదు.

ఇంకో చిక్కు. పాత పద్ధతి అరబ్బీ నిఘంటువులో మాట వెతకాలంటే ముందు దాని ధాతువు తెలియాలి. తహసీలును త కింద వెతికితే దొరకదు. అరబ్బీ ఇంగ్లీషు మహానిఘంటువు కట్టిన ఎడ్వర్డ్ లేన్ అనే పండితుడు ఏళ్ళ తరబడి దాని మీదే కూర్చుని, మొదటి భాగం 1863లో అచ్చయినా, పని పూర్తికాకుండానే 1876లో కన్నుమూశాడు. మిగతా భాగాలు వెలువడేసరికి 1893 అయింది. పైగా పుస్తకాల అరబ్బీ వేరు, వీధిలో మాట్లాడే అరబ్బీ వేరు. కైరో వాడి యాస డమాస్కస్ వాడికి వింత. పిక్థాల్ నేర్చింది ముందు వీధి భాష, తర్వాత గ్రంథ భాష. ఇంగ్లండులో కూర్చుని చదివిన పండితులు చాలామంది దీనికి తలకిందులు. ఆయన తర్జుమాకు బలం అక్కడే వచ్చిందని నా అభిప్రాయం.

డమాస్కస్‌లో ఉమయ్యద్ మసీదు పెద్ద దగ్గర అరబ్బీ చదువుకునే రోజుల్లో ఆ కుర్రవాడు ఇస్లాం పుచ్చుకుంటానని అడిగారు. శిష్యుడు దొరికాడని ఆ వృద్ధ పండితుడు సంబరపడలేదు. ఇంటి దగ్గర తల్లి ఉందిగదా, ఆమెను తలచుకో, వయసు రానీ, నీ దేశం వెళ్ళి ఆలోచించుకో అని నచ్చచెప్పి పంపేశారు. మా పిల్లలు మీ దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళను ఎవరైనా ఇలా మార్చుకుంటే మాకెలా ఉంటుందో చూడమన్నారట. ఈ ముచ్చట పిక్థాల్ ఎన్నడూ మరచిపోలేదు. ఆయన ఆ మాట బహిరంగంగా చెప్పింది 1917 నవంబరులో, లండన్‌లో ఒక ఉపన్యాసం ముగించాక. మధ్యలో ఇరవై ఏళ్ళకు పైనే గడిచింది.

ఆ ఇరవై ఏళ్ళలో ఆయన పెళ్ళి చేసుకున్నారు, నవలలు రాశారు. 1903లో వచ్చిన సయ్యద్ అనే జాలరి కథ మంచి పేరు తెచ్చింది. 1920లో బొంబాయి వచ్చి బాంబే క్రానికల్ పత్రికకు సంపాదకులయ్యారు. అంతకుముందు ఏడాది సర్కారు ఆ పత్రిక సంపాదకుడు హార్నిమన్‌ను దేశం నుంచి పంపేసింది. ఆ కుర్చీలో మరో ఇంగ్లీషువాడు కూర్చుని గాంధీగారి పక్షాన, ఖిలాఫత్ పక్షాన రాయడం తెల్లదొరలకు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. చివరకు పత్రిక మీద కోర్టులో పెద్ద జరిమానా పడింది. 1924లో ఆయన తప్పుకున్నారు.

1925లో నిజాం సర్కారు కొలువులో చేరారు. అప్పటి హైదరాబాదు తర్జుమాల ఊరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో పెట్టిన దారుల్ తర్జుమాలో వైద్యం, లెక్కలు, చరిత్ర, అన్నీ ఇంగ్లీషు నుంచి ఉర్దూలోకి మారుతున్నాయి. 1888 నుంచి ఉన్న దాయిరతుల్ మారిఫ్ సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను వెలికితీసి అచ్చువేస్తోంది. పిక్థాల్ బడి చూసుకుంటూనే 1927 నుంచి ఇస్లామిక్ కల్చర్ అనే మూడునెలల పత్రికకు సంపాదకత్వం వహించారు. కాని మనసంతా ఖురాన్ మీదే.

ఇంగ్లీషులో అంతకుముందు ఖురాన్ లేదని కాదు. 1649లో అలెగ్జాండర్ రాస్ ఫ్రెంచి నుంచి చేశాడు. 1734లో జార్జి సేల్ నేరుగా అరబ్బీ నుంచి చేశాడు గాని అరబ్బుల గడ్డ మీద కాలు పెట్టినవాడు కాదు. 1861లో రాడ్‌వెల్ అనే పాదరీ అధ్యాయాల వరుసనే మార్చేశాడు. నమ్మనివాడు చేసిన తర్జుమాలో ఆ గ్రంథాన్ని గుండెకు హత్తుకున్నవాళ్ళకు వినిపించేది వినిపించదని పిక్థాల్ బాధ. అయితే ముస్లిం పండితుల మాట ఇంకొకటి ఉంది. ఖురాన్‌ను తర్జుమా చేయడం అసాధ్యం, ఆ నాదం, ఆ మాట మరో భాషలోకి రాదు అని. చిత్రం ఏమిటంటే ఆ మాట పిక్థాల్ కూడా నమ్మారు. కాని పని అంటూ చేయబూనారు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పక తప్పదు. సర్వీసు తొలి రోజుల్లో మా సీనియరు ఒకరి దగ్గర ఉర్దూ నేర్చుకున్నాను. ఆ పుణ్యమా అని పాత ఖాస్రా పహాణీల నకళ్ళు తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. ఒకసారి ఒక రైతు కాగితంలో ఖాబిజ్ అన్న చోట కౌలుదారు అని రాసేశాను. ఖాబిజ్ అంటే స్వాధీనంలో ఉన్నవాడు. కౌలుకు ఉన్నాడా, సొంతానికి ఉన్నాడా అన్నది ఆ మాటలో లేదు. లేనిది నేను కలిపాను. ఆ ఒక్క మాట దిద్దించుకోవడానికి ఆ ముసలాయన ఎనిమిది నెలలు ఆఫీసు మెట్లెక్కాడు. ఆఖరి రోజున నన్ను ఏమీ అనలేదు, నమస్కారం పెట్టి వెళ్ళాడు. అరెకరం చెలక కాగితానికే ఇలా అయితే, కోట్లమంది తలమీద పెట్టుకొనే గ్రంథంలో మాట తప్పితే ఏమిటని పిక్థాల్ ఎంత భయపడి ఉంటారో నాకు కొంచెం అర్థమవుతుంది.

ఆయన పని పూర్తి చేసుకోవడానికి 1928లో నిజాం ప్రభువు ఉస్మాన్ అలీఖాన్ రెండేళ్ళ ప్రత్యేక సెలవు ఇచ్చారు, అదీ పూర్తి జీతంతో. మనలో ఎవరైనా తర్జుమా కోసం పూర్తి జీతం సెలవుకు అర్జీ పెట్టి ఉంటే దాని మీద ఏ నోట్ వచ్చి ఉండేదో చెప్పనక్కరలేదు. ఆ సెలవులోనే 1929 చివర రాతప్రతి చంకన పెట్టుకొని కైరో వెళ్ళారు. హైదరాబాదులోనో లండన్‌లోనో అచ్చు వేయించుకుంటే అడిగేవాడు లేడు. కాని అరబ్బీ మాతృభాషగా గల పండితులు మాటమాటా చూసి ఔననాలని ఆయన పట్టు.

కైరోలో అల్ అజ్‌హర్ వెయ్యేళ్ళ నాటి విద్యాపీఠం. అక్కడి వాళ్ళు చాలామంది అసలు తర్జుమా అన్న మాటకే మండిపడుతున్న కాలం అది. లోగడ ఒక ఇంగ్లీషు తర్జుమాను వారు నిషేధించి ఉన్నారు. అల్ అజ్‌హర్‌కు అంతకుముందు పెద్దగా ఉన్న ముస్తఫా అల్ మరాఘీ గారు మాత్రం ఈయన్ను ఆదరించారు. వైద్య కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే అల్ ఘమ్రావీ అనే పండితుడు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు, పక్కన కూర్చున్నారు. ఇద్దరూ కలిసి మొత్తం ప్రతి మూలంతో సరిచూశారు. నిఘంటువుల్లో దొరకని పాతకాలపు మాటలకు అర్థాలు చెప్పి సాయపడినవాడు క్రెంకో అనే జర్మను పండితుడు. మన దాయిరతుల్ మారిఫ్ అచ్చువేసిన అరబ్బీ గ్రంథాలకు పరిష్కర్త కూడా ఆయనే. చర్చలు నెలల తరబడి సాగాయి. చివరకు దారి దొరికింది పేరులో. ఇది ఖురాన్ కాదు, ఖురాన్ భావం మాత్రమే అని అట్ట మీదే చెప్పుకుంటే అభ్యంతరం ఉండదన్నారు. ఆయన అనుకుంటున్నదీ అదే. గ్రంథనామం దివ్య ఖురాన్ భావం అని వచ్చేటట్టు పెట్టారు. 1930 డిసెంబరులో నాఫ్ అనే ప్రచురణకర్తలు దాన్ని వెలువరించారు.

ఆయన మాటల ఎంపిక గురించి రెండు సంగతులు. అల్లా అన్న మాటను ఇంగ్లీషు చేయకుండా అలాగే ఉంచేశారు. ఆ మాటకు స్త్రీలింగమూ లేదు, బహువచనమూ లేదు, ఇంగ్లీషు గాడ్‌కు రెండూ ఉన్నాయి అని ఆయన కారణం. దైవం అని మామూలుగా చెప్పే ఇలాహ్ అన్న మాట వచ్చినచోట మాత్రమే గాడ్ వాడారు. రెండోది, ఎదుటివాణ్ణి పిలవడంలో అరబ్బీలో ఐదు రూపాలు ఉన్నాయి. మగవాడికి ఒకటి, ఆడమనిషికి ఒకటి, ఇద్దరికి ఒకటి, చాలామంది మగవాళ్ళకు, ఆడవాళ్ళకు వేర్వేరు. ఇంగ్లీషు యు లో అన్నీ కలిసి ముద్దయిపోతాయి. పిక్థాల్ పాత బైబిలు ఇంగ్లీషు పట్టుకొని ఒక్కరికి దౌ, పలువురికి యీ వాడారు. కనీసం ఏకవచనం బహువచనం తేడా దక్కింది. ఈ కాలం పిల్లలకు ఆ భాష నమిలినా మింగుడుపడదు. మా మనవరాలు రెండు పేజీలు చదివి పక్కన పెట్టింది. ఆ నష్టం ఆయన తెలిసే ఒప్పుకున్నారనుకుంటాను. మన తెలుగులోకి ఖురాన్ తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారి దగ్గరా చదువరికి ఇలాంటి సంగతులు ఎదురవుతాయి. దాని గురించి ఇంకోసారి.

సెలవు ముగిసి పిక్థాల్ తిరిగి డ్యూటీలో చేరారు. 1931లో నిజాం కుమారులిద్దరి పెళ్ళిళ్ళు ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగినప్పుడు హైదరాబాదు నుంచి వెంట వెళ్ళినవారిలో ఆయన ఒకరు. టర్కీ భాష కూడా వచ్చుగనుక ఆయన అక్కరకు వచ్చారు. చిన్న కోడలు నిలోఫర్ పేరు మీదే మన పిల్లల ఆసుపత్రి ఉంది. 1935 మొదట్లో రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయారు. పింఛను పట్టుమని ఏడాదిన్నర కూడా అనుభవించలేదు. 1936 మే 19న కార్న్‌వాల్‌లో గుండె ఆగిపోయి పోయారు. బ్రూక్‌వుడ్ శ్మశానంలో ముస్లింలకు కేటాయించిన భాగంలో ఆయన్ను ఖననం చేశారు. ఖురాన్‌ను ఇంగ్లీషు చేసిన మరో ప్రసిద్ధుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ సమాధి కూడా అక్కడే ఉంది. ఆయన పోయింది 1953లో.

ఇస్లామిక్ కల్చర్ సంపాదకత్వం తర్వాత ముహమ్మద్ అసద్‌కు వచ్చింది. యూదు కుటుంబంలో పుట్టి ఇస్లాం పుచ్చుకున్న ఆయన కూడా 1980లో తన ఇంగ్లీషు ఖురాన్ పూర్తిగా వెలువరించారు.

1938లో మన హైదరాబాదు గవర్నమెంటు సెంట్రల్ ప్రెస్సు పిక్థాల్ గ్రంథాన్ని రెండు సంపుటాలుగా అచ్చువేసింది. అందులో ఇంగ్లీషుకు ఎదురుగా అరబ్బీ మూలం ఉంటుంది. నా దగ్గర ఉన్నది మొదటి సంపుటమే, ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద దొరికింది. రెండోది ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే సంఘం ఆఫీసులో చెప్పండి, వచ్చి చూసి పోతాను.