వైద్యవరేణ్యులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున బీదకుటుంబమునందు జన్మించిరి. బాల్యమున వారికి చదువుమీద మనసు నిలువలేదు. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైరి.

వారి యౌవనమున ఇంట ఘోరవిపత్తు సంభవించెను. సోదరు లిరువురు స్ప్రూ అను గ్రహణిరోగముచే కొద్దిదినముల వ్యవధిలో మృతినొందిరి. ఈ వ్యాధియందు ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. రోగి కృశించి, రక్తము క్షీణించి పాలిపోవును. ఆనాటి వైద్యులకు దీని మూలము తెలియదు. ఆ రోగమే సుబ్బారావుగారినిగూడ పట్టెను గాని వారు బ్రదికి, మద్రాసు వైద్యకళాశాలలో విద్య ముగించి, అమెరికాలోని బోస్టను నగరమునకు వెడలిరి. అచ్చట ఆసుపత్రిలో రాత్రివేళ ఊడిగముచేసి పొట్టపోసికొనుచు, హార్వర్డునందు పరిశోధనలు సాగించిరి.

మన రక్తములోని ఎఱ్ఱకణములు ఎముకలలోని మూలుగయందు దినదినము పుట్టుచుండును. అందులకు ఇనుము చాలదు. మఱికొన్ని ద్రవ్యములు కావలెను. 1931లో లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు, బొంబాయిలోని గర్భవతుల పాండురోగము ఈస్టుసారముచే కుదురుటను ప్రకటించెను. ఆ సారములో దాగిన ద్రవ్యమే ఫోలికామ్లము. అది లోపించినచో మూలుగలో కణములు చక్కగా విభజనము నొందవు. అవి పెద్దవై, పక్వముగాక, సంఖ్యలో తగ్గును. సుబ్బారావుగారు 1940లో లెడర్లీ ప్రయోగశాలయందు ప్రవేశించి, తమ సహచరులతో 1945 నాటికి ఈ ద్రవ్యమును కృత్రిమముగా తయారుచేయించిరి. పిమ్మట క్యూబాలో స్ప్రూ రోగులకు దీని నొసంగగా కొద్దిదినములలోనే రక్తకణములు వృద్ధినొందెను. సోదరులను హరించిన వ్యాధికి మందు దొరకెను!

అయినను ప్రతి రక్తక్షయమునకును ఇదియే ఔషధము కాదు. కొందఱికి ఇనుము, కొందఱికి బి12 విటమిను కొఱవడును. బి12 లోపమునందు ఫోలికామ్లము మాత్రమే యిచ్చిన రక్తము బాగుపడినట్లు కనబడినను నరములు చెడుచునే యుండును. కావున రక్తపరీక్షచేసి కారణ మెఱింగియే చికిత్స చేయవలెను.

రక్తమునందలి కేన్సరులో దీనికి విరుద్ధమైన అవస్థ గలదు. చెడుకణములు విజృంభించి మంచికణములకు చోటు లేకుండ జేయును. ఫోలికామ్లమును బోలియు దానికి ప్రతికూలముగా పనిచేయు ఔషధములను వీరి బృందము చేసెను. వానిలో ఒకదానిచే 1947-48లో బోస్టనునందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పిల్లలకు తాత్కాలికోపశమనము గలిగించెను. ఆ జాతి మందైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు మరల స్వదేశమును జూడకయే దివంగతులైరి. వారు తమవారిని కాపాడుకొనలేకపోయిరి; ఎవరెవరి బిడ్డలనో కాపాడిరి. బాలబాలికలారా! పరీక్ష తప్పిన దినమున వీరిని స్మరింపుడు. తల్లులారా! ఆకుకూరలలోను పప్పుధాన్యములలోను ఈ ద్రవ్య మున్నదని మఱవకుడు.