పనిగంటలు తగ్గించిన మిల్లు యజమాని

మేనేజ్‌మెంట్ సైన్స్ పాఠంలో టేలర్, ఫేయోల్‌ల కన్నా ముందు ఒక పేరు వచ్చి వెళ్ళిపోతుంది. రాబర్ట్ ఓవెన్. సిబ్బంది నిర్వహణకి ఆద్యుడు అని రెండు మార్కులకి రాసేసి ముందుకి పోతాం. ఆయన జీవితం వివరంగా చదివాక మాత్రం నాకు ఇది రెండు మార్కుల ప్రశ్న కాదనిపించింది. ఇంకొన్నాళ్ళలో ఉద్యోగాల్లో చేరబోయే మనం తెలుసుకోవాల్సిన కథ ఇది.

ఓవెన్ 1771 మే 14న వేల్స్‌లోని న్యూటౌన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. నాన్న గుర్రపు జీనులు చేసేవాడు, ఇనప సామాను అమ్మేవాడు. ఐదేళ్ళప్పుడు ఓ రోజు బడికి అందరికన్నా ముందు చేరాలన్న తొందరలో, కాలిపోతున్న అంబలి గబుక్కున మింగి స్పృహ తప్పి పడిపోయాడు. అప్పట్నుంచీ అతని కడుపు నాజూకే. ఏం తింటే ఒంటికి పడుతుంది, ఏది పడదు అని గమనించుకుంటూ తినడం చిన్నప్పుడే అలవాటైంది.

పదేళ్ళకే ఇల్లు వదిలాడు. స్టామ్‌ఫర్డ్‌లో ఒక బట్టల వ్యాపారి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ యజమాని మంచివాడు, చదువుకోవడానికి ఇంట్లో పుస్తకాలు కూడా ఇచ్చేవాడు. అక్కణ్ణుంచి లండన్ వంతెన దగ్గర ఒక పెద్ద దుకాణంలో చేరాడు. అక్కడ కథ వేరు. పొద్దున్నే ఎనిమిదింటికల్లా జుట్టుకి పౌడరు చల్లించుకుని, వంకీలు తిప్పించుకుని, కౌంటర్ దగ్గర నిలబడాలి. తిండి వంతులవారీగా, గబగబా. రాత్రి పదిన్నరకి గిరాకీలు తగ్గినా, పరిచిన బట్టలన్నీ మడతపెట్టి సర్దేసరికి రెండయ్యేది. కమ్మీ పట్టుకుని ఒళ్ళు ఈడ్చుకుంటూ మేడ మెట్లెక్కేవాడు. నిద్ర ఐదు గంటలు. మంచి యజమాని, చెడ్డ పనివేళలు, ఈ రెండూ ఇరవై ఏళ్ళు రాకముందే తన ఒంటి మీదే చూశాడు.

తర్వాత మాంచెస్టర్ వెళ్ళాడు. అప్పుడు ఆ ఊరు నిండా నూలు మిల్లులే. ఇరవై ఏళ్ళ ప్రాయంలో, దాదాపు 500 మంది పనిచేసే మిల్లుకి మేనేజరయ్యాడు. ఆరు వారాల పాటు అందరికన్నా ముందు రావడం, అందరూ వెళ్ళాక వెళ్ళడం, అడిగినదానికి అవును, కాదు అనడం తప్ప ఏ ఆర్డరూ వెయ్యలేదట. ముందు యంత్రాల్నీ మనుషుల్నీ చూసి అర్థం చేసుకున్నాడు.

అసలు కథ న్యూ లానార్క్‌లో మొదలవుతుంది. స్కాట్లాండ్‌లో క్లైడ్ నది జలపాతాల పక్కన ఉన్న మిల్లు గ్రామం అది. 1799లో ఓవెన్, ఆయన భాగస్వాములు దాన్ని డేవిడ్ డేల్ దగ్గర 60,000 పౌన్లకి కొన్నారు. అదే ఏడు డేల్ కూతురు కరోలిన్‌తో ఓవెన్ పెళ్ళయింది. 1800 జనవరి నుంచి నిర్వహణ ఆయన చేతికి వచ్చింది. అనాథ శరణాలయాల నుంచి తెచ్చిన పిల్లలే అక్కడ కొన్ని వందల మంది. ఓవెన్ అలా పిల్లల్ని తేవడం ఆపేశాడు. పదేళ్ళు నిండనివాళ్ళని మిల్లులోకి రానివ్వలేదు.

తిండి సంగతి చూడండి. ఊళ్ళో కొట్లవాళ్ళు నాసిరకం సరుకుని అప్పు మీద ఎక్కువ ధరకి అమ్మేవాళ్ళు. ఓవెన్ మిల్లు తరఫున ఒక కొట్టు పెట్టించాడు. మంచి సరుకు టోకున తెప్పించి, కొన్న ధరకి కాస్త మాత్రమే ఎక్కువ వేసుకుని అమ్మించాడు. ఆ కాస్త లాభం బడి ఖర్చులకి పోయేది. జీతంలో అరవయ్యో వంతు పక్కన పెడితే జబ్బు చేసినప్పుడు ఆదుకునే నిధి ఉండేది. 1816 జనవరి 1న తెరిచిన కొత్త భవనంలో పగలు పిల్లలకి బడి, సాయంత్రం పెద్దలకి చదువు, సంగీతం, నాట్యం. నడక వచ్చిన పసివాళ్ళకి కూడా అక్కడ చోటుంది కాబట్టి తల్లులు నిశ్చింతగా పనికి వెళ్ళేవాళ్ళు. పని కూడా భోజన విరామం పోగా 10 గంటల 45 నిమిషాలకి తగ్గించాడు. మనకి అదే ఎక్కువ అనిపిస్తుంది, కానీ మిగతా మిల్లుల్లో 13, 14 గంటలు మామూలు.

1807 ప్రాంతంలో అమెరికా ఎగుమతులు ఆపేసింది. పత్తి ధర మండిపోయింది. చాలామంది మిల్లులు మూసి కూలీల్ని పంపించేశారు. ఓవెన్ కూడా మిల్లు ఆపాడు కానీ ఎవర్నీ తీసెయ్యలేదు. యంత్రాలు శుభ్రం చేయిస్తూ నాలుగు నెలలు పూర్తి జీతం ఇచ్చాడు. అయిన ఖర్చు సుమారు 7,000 పౌన్లు. మన భాషలో చెప్పాలంటే ఊరు ఊరంతా నాలుగు నెలలు బెంచ్ మీద ఉంది. అప్పటిదాకా ఈ కొత్త యజమానిని అనుమానంగా చూసినవాళ్ళు ఆ తర్వాతే నమ్మారు.

ఇదంతా దానధర్మం అని ఆయన అనుకోలేదు. ఇనప యంత్రానికి నూనె వేసి, తుడిచి జాగ్రత్తగా చూస్తే లాభమని తెలిసిన యజమానులు, ప్రాణమున్న యంత్రం విషయంలో ఆ లెక్క ఎందుకు వెయ్యరని తన రచనల్లో నిలదీశాడు. న్యూ లానార్క్ మంచి లాభాలే తెచ్చింది.

అయితే నాకు నచ్చనిదీ ఒకటుంది. ప్రతి కార్మికుడి దగ్గరా నాలుగు రంగుల చెక్కముక్క వేలాడేది. నిన్న పని బాగోకపోతే నలుపు, పర్వాలేదంటే నీలం, బాగుంటే పసుపు, చాలా బాగుంటే తెలుపు. రోజూ పుస్తకంలో ఎక్కించేవాళ్ళు. కొట్టడం, తిట్టడం కన్నా నయమే, నచ్చకపోతే ఓవెన్‌కి చెప్పుకోవచ్చు కూడా. కానీ ఏ రంగు పెట్టాలో నిర్ణయించేది పైవాళ్ళే. ఇవాళ్టి డాష్‌బోర్డులకి ఇది తాతలాంటిది. అక్కడ మంచి ఏదైనా యజమాని ఇస్తే రావాల్సిందే, కార్మికుడు హక్కుగా అడిగేది కాదు.

ఆ లోటు ఓవెన్‌కీ కొంత తెలుసనుకుంటాను. అందుకే 1815 నుంచి చట్టం కోసం తిరిగాడు. 1819లో వచ్చిన చట్టం ఆయన అడిగినదానికన్నా చాలా బలహీనం. తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని నూలు మిల్లుల్లో పెట్టకూడదంది, పదహారేళ్ళ లోపువాళ్ళకి రోజుకి 12 గంటలు అంది, గట్టిగా తనిఖీ చేసేవాళ్ళని మాత్రం పెట్టలేదు. రోజుకి ఎనిమిది గంటల పని అన్న కోరికని గట్టిగా ముందుకి తెచ్చినవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. భాగస్వాములతో పొసగక న్యూ లానార్క్ వదిలాడు. అమెరికాలో 1825లో న్యూ హార్మనీ అనే ఆదర్శ గ్రామం మొదలుపెట్టాడు. రెండు మూడేళ్ళలోనే అది చెదిరిపోయింది, ఆస్తిలో చాలా భాగం దానితోనే పోయింది. 1858 నవంబర్ 17న, పుట్టిన న్యూటౌన్‌లోనే కన్నుమూశాడు.

ఎనిమిది గంటల పని మీద అంతర్జాతీయ ఒప్పందం 1919లో వచ్చింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి పెట్టింది. పెద్ద ఫ్యాక్టరీల్లో క్యాంటీన్, ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్నచోట పసిపిల్లల గది ఉండాలంది. ఓవెన్ తన ఊళ్ళో ఇష్టపడి చేసినవాటిలో కొన్ని ఇక్కడ నియమంగా మారాయి.

ఏడాదికోసారి యోగా డే, డెస్క్ మీద పళ్ళ బుట్ట మంచివే, వద్దనను. కానీ ఓవెన్ కథ చదివాక కంపెనీల గురించి నేను సీనియర్లని అడిగే ప్రశ్నలు మారాయి. సాయంత్రం ఎన్నింటికి నిజంగా ఇంటికెళ్తారు? అన్నం కూర్చుని తింటారా, స్క్రీన్ చూస్తూ తింటారా? ప్రాజెక్ట్ లేని నెలలో జీతం మాటేంటి? ఇవన్నీ మేనేజర్ మంచివాడైతేనే దొరుకుతాయా, ఆయన మారినా ఉంటాయా? చివరి ప్రశ్నకి జవాబు చెప్పడానికే చాలామంది కాస్త ఆలోచిస్తారు.