మేడితోపు నుండి వచ్చిన ప్రవక్త

తన పేరిట గ్రంథమున్న ప్రవక్తలలో అందరికంటె ముందటివాడు ఆమోసు అని బైబులు పండితులు పలువురు తలుస్తారు. యెరూషలేముకు దక్షిణాన సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, ఎడారి అంచున ఉన్న తెకోవా అతని ఊరు. గొర్రెలు కాచుకుంటూ, మేడిచెట్లు చూచుకుంటూ బ్రతికేవాడు.

సొలోమోను మరణానంతరం దేశం రెండుగా చీలింది: దక్షిణాన యూదా, ఉత్తరాన యిస్రాయేలు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఉత్తర రాజ్యాన్ని రెండవ యరోబాము 41 సంవత్సరాలు పాలించాడు. సరిహద్దులు విస్తరించాయి. సంపద పెరిగింది. బేతేలు గుడి పండుగలతో కళకళలాడింది. దేవుడు తమ పక్షాన ఉన్నాడనడానికి ఇంతకంటె గురుతేమి కావాలని పెద్దలు అనుకున్నారు.

యూదా వాడైన ఆమోసును దేవుడు ఆ రాజ్యానికే పంపాడు. అతడు మొదట దమస్కు, గాజా, తూరు మొదలైన ఇరుగుపొరుగుల పాపాలు ఎంచాడు. యిస్రాయేలీయులకు అది ఇంపుగానే ఉండి ఉంటుంది. తుదకు వ్రేలు వారివైపే తిరిగింది.

పేదవానిని చెప్పుల జత వెలకు అమ్ముకొంటున్నారు. న్యాయస్థానంలో లంచం పుచ్చుకొని బీదల మొర త్రోసివేస్తున్నారు. విశ్రాంతి దినం ఎప్పుడు ముగుస్తుందా, కొలత తగ్గించి, దొంగ త్రాసుతో తూచి, తాలు గింజలు కలిపి ఎప్పుడు అమ్ముదామా అని వర్తకులు కాచుకొని ఉన్నారు. దొరలు దంతపు మంచాలమీద పడుకొని విందులు చేస్తున్నారు. 1930లలో సమరియాలో జరిగిన త్రవ్వకాలలో చెక్కిన దంతపు పలకలు ఎన్నో బయటపడ్డాయి. ప్రవక్త మాట గాలి మాట కాదు.

ఇంకొక నేరం మరీ ఘోరం. పేదవాడు తాకట్టు పెట్టిన పైబట్టను ప్రొద్దు గ్రుంకేలోగా తిరిగి ఇవ్వాలని మోషే ధర్మశాస్త్రం. ఆ బట్టలే పరచుకొని వారు బలిపీఠం ప్రక్కన పవ్వళించారు. జుర్మానాగా లాక్కొన్న ద్రాక్షారసాన్ని దేవుని గుడిలో త్రాగారు. అటువంటివారి బలులు, పాటలు తనకు రోతయని దేవుడు ఆమోసు నోట పలికించాడు.

దీనికి మొదట కోపగించినవాడు రాజు కాదు, బేతేలు యాజకుడు అమస్యా. ఇతడు కుట్రదారుడని రాజుకు కబురంపాడు. ఇది రాజుగారి గుడి, నీ దేశం పోయి అక్కడ ప్రవచించి పొట్టపోసుకో అని ఆమోసును గద్దించాడు. తాను పొట్టకూటి ప్రవక్తను కాననీ, మందవెంట పోతున్న తనను ప్రభువే పిలిచాడనీ ఆమోసు బదులు చెప్పాడు. ఆ తరువాత అతడు ఏమయ్యాడో గ్రంథం చెప్పదు. యరోబాము కుమారుడు ఆరు నెలలు ఏలి హత్యకు గురయ్యాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరియా అస్సూరీయుల వశమైంది. ఆ వైభవమంతా మేడిపండు చందమే అయింది.

గురువునైన నాకు ఈ కథలో భయం పుట్టించేది యరోబాము కాదు, అమస్యా. అతడు పూజలు మానలేదు, గుడి మూయలేదు. దోచుకొనేవారి కానుకతో గుడి నిండుతూంటే మౌనం వహించాడు, మాట్లాడినవానిని వెళ్ళగొట్టాడు. సి సంవత్సరం 25, 26వ సామాన్య ఆదివారాలలో దివ్యపూజలో ఆమోసు గ్రంథం చదువుతాము. ఆనాడు పాలకుల తప్పులు ఎంచడం సులువే. మన పొలంలో కూలికి, మన ఇంట పనిమనిషికి ఇవ్వవలసింది ఇచ్చామా అని కూడ చూచుకొని కానుక పళ్ళెం ముందుకు పోదాము.